పెల్లెట్ మంచిదా, ఆ రోజు అదృష్టం మంచిదా? ఎయిర్ పిస్టల్ పరీక్షల వెనుక లెక్క

క్లుప్తంగా

పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో పెల్లెట్ (గాలి ఒత్తిడితో పేలే చిన్న సీసపు గుండు) మారిస్తే స్కోరు పెరుగుతుందా అన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. 60 షాట్లలో 600కు 536 కొట్టే చేతికి నాసి పెల్లెట్ వల్ల పోయేది మూడు పాయింట్లు, 583 కొట్టే చేతికి ఐదారు. ఐదు షాట్ల గ్రూప్ (ఒకే గురితో పేల్చిన చిల్లుల గుంపు) ఒక్కటి చూసి పెల్లెట్ల డబ్బా ఎంచుకోవడం చీటీ తీసినట్టే. పరీక్ష అంటే పిస్టల్ క్లాంపులో ఉండాలి, ఒక్కో రకానికి కనీసం 30 షాట్లు పడాలి, రకాల వరస అటూ ఇటూ తిప్పాలి. ఒక్కో పెల్లెట్‌నూ తూచి ఏరడం కన్నా వెనక అంచు చూసి ఏరడం వల్ల లాభం ఎక్కువ.

0.1 పాయింటు ఎంత దూరం?

2024 జూలై 28న పారిస్ ఒలింపిక్స్ మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఫైనల్లో మను భాకర్ 221.7 దగ్గర ఆగింది. అదే దశలో కొరియా షూటర్ కిమ్ యెజి 221.8 మీద ఉంది. కాంస్యానికీ రజతానికీ మధ్య తేడా 0.1. అప్పటి నుంచి పిస్టల్ పట్టిన ప్రతి కుర్రవాడూ అడిగే ప్రశ్న ఒకటే: ఆ 0.1 చేతిలో ఉందా, డబ్బాలో ఉందా?

లక్ష్యం కొలతలు తెలిస్తే ఈ ప్రశ్న సగం తేలిపోతుంది. టార్గెట్ కార్డు మీద పదో వలయం వ్యాసం 11.5 మి.మీ. బయటికి వెళ్లేకొద్దీ ఒక్కో వలయం వ్యాసం 16 మి.మీ. చొప్పున పెరుగుతుంది. పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. దాని అంచు వలయాన్ని తాకితే చాలు, పది ఇస్తారు. అంటే పెల్లెట్ నడిబొడ్డు లక్ష్యం నడిబొడ్డుకు 8 మి.మీ. లోపు పడాలి. ఫైనల్లో స్కోరు పదో వంతుల్లో లెక్కిస్తారు కాబట్టి ఆ 8 మి.మీ.ను పది మెట్లుగా విడగొడితే ఒక్కో మెట్టు 0.8 మి.మీ. గుండుసూది తలలో సగం అనుకోవచ్చు.

ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో ఎత్తిన 240 కిలోలు ఎవరికైనా 240 కిలోలే. షూటింగ్‌లో అలా కాదు. ఒకరి పెల్లెట్ ఇంకొకరి పెల్లెట్‌తో సమానం కాదన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. పెల్లెట్ల మీద నడిచే వాదనలన్నీ ఆ అనుమానంలోంచి పుట్టినవే.

పెల్లెట్‌ను దగ్గరగా చూస్తే

అచ్చం డమరుకంలా ఉంటుంది: ముందు తల, నడుమ సన్నటి నడుము, వెనక గుల్లగా విచ్చుకున్న అంచు. ఈ అంచును షూటర్లు స్కర్టు అంటారు. పోటీ పెల్లెట్ తల ముందు భాగం బల్లపరుపుగా ఉంటుంది. కాగితాన్ని చింపకుండా పంచ్ మిషన్ కొట్టినట్టు గుండ్రంగా కోయడానికే ఆ ఆకారం.

తల బ్యారెల్ లోపలి గాడుల మీద నిలిచి పెల్లెట్‌కు తిరుగుడు ఇస్తుంది. స్కర్టు పలచని సీసం, వెనక నుంచి గాలి తోయగానే విచ్చుకుని బ్యారెల్ గోడకు అతుక్కుని గాలి తప్పించుకోకుండా ఆపుతుంది. ఈ రెండు పనుల్లో దేనికి లోటు వచ్చినా షాట్ చెదురుతుంది.

డబ్బా మీద 4.48, 4.49, 4.50 అని తల వ్యాసం రాసి ఉంటుంది. బ్యారెల్ లోపలి కొలతల్లో మిల్లీమీటరులో వందో వంతు తేడాలు ఉంటాయి కాబట్టి ఒకే కంపెనీ పిస్టళ్లు రెండున్నా ఒకదానికి 4.49 నప్పితే ఇంకోదానికి 4.50 నప్పవచ్చు. ‘ఛాంపియన్లు ఇదే వాడతారు’ అన్న మాటకు ఇక్కడ పెద్దగా విలువ లేదు. పిస్టల్ రకం పెల్లెట్లు సాధారణంగా అర గ్రాము లోపు, రైఫిల్ రకానివి 0.53 గ్రాములు ఉంటాయి. పిస్టల్‌లో రెండూ పేలతాయి, కానీ తాకే చోటు మారుతుంది.

ఎక్కువగా చెడగొట్టేది సొట్ట. 500 పెల్లెట్లు ఒకే డబ్బాలో గలగలమంటూ ఉంటాయి. విశాఖ నుంచి బస్సులో, బ్యాగు అడుగున ఆ డబ్బా విజయనగరం చేరేసరికి కొన్నిటి స్కర్టు నొక్కుకుపోతుంది. నొక్కుకున్న అంచు బ్యారెల్ చివర దాటే క్షణంలో గాలి ఒక పక్క ముందు, ఇంకో పక్క తర్వాత విడుదలవుతుంది. ఆ తోపుతో పెల్లెట్ కొంచెం వంగి బయలుదేరుతుంది. తొమ్మిది షాట్లు ఒకే చిల్లు అయ్యాక పదోది దూరంగా పడడానికి సగం సార్లు కారణం ఇదే. మిగతా సగం షూటర్ ఒప్పుకోడు.

ఇలాంటివాటిని పట్టడం కష్టం కాదు. పెల్లెట్లను తెల్ల కాగితం మీద స్కర్టు పైకి వచ్చేలా నిలబెట్టి, పక్క నుంచి టార్చ్ వెలుగు కొట్టి, గడియారాలు బాగుచేసేవాళ్ల భూతద్దంతో చూస్తే చాలు. అంచు నీడ గుండ్రంగా లేనిది ఇట్టే తెలిసిపోతుంది. అవతల పెట్టినవి పారేయనక్కర్లేదు, సాధనలో మొదటి వేడెక్కింపు షాట్లకు పనికొస్తాయి.

తూకం మీద ఉన్న భ్రమ

పలాస జీడిపప్పు గ్రేడు పౌనుకు ఎన్ని గుళ్లు తూగుతాయన్న లెక్క మీద నడుస్తుంది. 320 గ్రేడంటే పౌనుకు దాదాపు అన్ని గుళ్లన్నమాట. అదే పద్ధతిలో బంగారం తూచే త్రాసు మీద పెల్లెట్లను ఒక్కొక్కటే తూచి గ్రేడులు కట్టేవాళ్లున్నారు. జీడిపప్పుకు అది ధర తెస్తుంది. పెల్లెట్‌కు ఏం తెస్తుందో లెక్క వేసి చూడాలి.

సెకనుకు 150 మీటర్ల వేగంతో బయలుదేరిన పెల్లెట్ పది మీటర్లు దాటడానికి పట్టే సమయం సెకనులో పదిహేనో వంతు. ఆ లోపు గురుత్వం దాన్ని 22 మి.మీ. దాకా కిందికి లాగుతుంది. వేగం ఒక మీటరు తగ్గితే ఆ పతనం 0.3 మి.మీ. పెరుగుతుంది. పెల్లెట్ బరువు ఒక శాతం పెరిగితే, గాలి ఇచ్చే శక్తి అంతే కాబట్టి, వేగం అర శాతం, అంటే 0.75 మీటర్లు తగ్గుతుంది. లక్ష్యం మీద తేడా పావు మి.మీ. కూడా రాదు. 10 మిల్లీగ్రాముల మెట్లు చూపే త్రాసైతే అర గ్రాము పెల్లెట్‌లో రెండు శాతానికి లోపు ఉన్న తేడాను అసలు చూపించలేదు. మిల్లీగ్రాము త్రాసు కొని మూడు గంటలు కూర్చుంటే దక్కేది పావు మి.మీ. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే.

ఈ లెక్కకు ఇంకో ఉపయోగం ఉంది. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ అందుబాటులో ఉంటే, ఒకే రకం పెల్లెట్ షాట్ షాట్‌కూ అయిదు మీటర్ల తేడా చూపిస్తే నిలువునా 1.5 మి.మీ. చెదురు అక్కడే వస్తోందని అర్థం. అన్ని రకాలకూ అదే తేడా కనిపిస్తే తప్పు పెల్లెట్లది కాదు, షాట్ షాట్‌కూ గాలి ఒత్తిడిని సమంగా ఉంచాల్సిన పిస్టల్ రెగ్యులేటర్‌ది.

పూత సంగతి

సీసం మీద పూత గురించి అంతర్జాలంలో కనబడే చర్చ ఎక్కువగా మందుగుండు తూటాలది. విదేశాల్లో షూటర్లు సొంతంగా నింపుకునే తూటాలకు పాలిమర్ పూత పూసిన సీసం గుండ్లు వాడతారు. అక్కడ మందు మండి వేడి వాయువు పుడుతుంది. అది గుండు పక్క నుంచి దూసుకుపోతే సీసం కరిగి గాడుల్లో పేరుకుంటుంది. పూత ఆ సీసానికీ బ్యారెల్‌కూ మధ్య తొడుగులా నిలుస్తుంది. అయితే పూత మందం గుండు వ్యాసానికి కలుస్తుంది, ఒక పక్క మందంగా ఒక పక్క పలచగా పడితే గుండు బరువు నడిబొడ్డున ఉండదు. గుండును పట్టి ఉంచేలా తూటా గొట్టం మూతి బిగించేటప్పుడు పూత తెగితే తెగిన చోట మళ్లీ సీసం అంటుకుంటుంది. అందుకే పూత గుండ్ల పరీక్షలో గ్రూప్ కొలతతో పాటు పేల్చాక బ్యారెల్ లోపల చూడడం కూడా భాగం.

ఎయిర్ పిస్టల్‌లో మంట లేదు. పెల్లెట్ శక్తి ఆరు జూళ్ల లోపే. సీసం కరిగే ప్రశ్న లేదు కాబట్టి పూత చేసే పని వేరు: గ్రాఫైట్ పొడి లాంటిది రాపిడి తగ్గిస్తుంది, సీసం తెల్లబడకుండా కాస్త ఆపుతుంది. రాగి పూత ఉన్నది గట్టిగా ఉంటుంది, స్కర్టు విచ్చుకోవడం తగ్గే అవకాశం ఉంది. తూటాల మీద నిజమైన మాటను తెచ్చి పెల్లెట్‌కు తగిలిస్తే పప్పులో కాలేసినట్టే.

మన దగ్గర ఈ తేడాకు చట్టం వైపు కూడా ఉంది. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. ఇంట్లో నింపుకుని పరీక్షించుకోవడం అన్న మాటే రాదు. ఇక 25 మీటర్ల స్పోర్ట్స్ పిస్టల్‌లో వాడే .22 తూటాకు నిప్పు రగిలించే మందు అడుగు అంచులోనే ఉంటుంది, దాన్ని మళ్లీ నింపడం సాధారణంగా ఆచరణలో లేదు. అక్కడ కూడా షూటర్ చేతిలో ఉన్నది బ్యాచ్‌ను ఎంచుకోవడమే. ఎలీ, లపువా కంపెనీలు షూటర్ల ఆయుధాలను తమ పరీక్షా కేంద్రాల్లో బిగించి బ్యాచ్‌ల వారీగా పేల్చి చూపిస్తాయి. ఎయిర్ పిస్టల్‌కు అదే పని సొంతంగా చేసుకోవచ్చు.

చెయ్యి, పెల్లెట్: ఎవరి వాటా ఎంత?

చెయ్యి వల్ల వచ్చే చెదురు, పెల్లెట్ వల్ల వచ్చే చెదురు మామూలు కూడికలా కలవవు, వర్గాలుగా కలుస్తాయి. 3, 4 కలిస్తే 7 కాదు, 5. దీనివల్ల పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. ఇక్కడ చెదురు అంటే అడ్డంగా, నిలువుగా విడివిడిగా తీసుకున్న ప్రామాణిక విచలనం, అంటే షాట్లు సగటు చోటు నుంచి మామూలుగా ఎంత దూరం జరుగుతాయో చెప్పే కొలత.

చెయ్యి చెదురు 10 మి.మీ. అయితే 60 షాట్లలో వచ్చే స్కోరు సగటున 536. జిల్లా స్థాయిలో ఇది మర్యాదైన అంకె. ఆ చేతికి 2.5 మి.మీ. చెదురు ఉన్న నాసి పెల్లెట్ ఇస్తే 533 అవుతుంది. చెయ్యి చెదురు 5 మి.మీ.కి దిగితే స్కోరు 583. పారిస్ క్వాలిఫికేషన్‌లో మను భాకర్ సాధించింది 580 కాబట్టి అది ఏ స్థాయో ఊహించుకోవచ్చు. ఆ చేతికి అదే నాసి పెల్లెట్ ఇస్తే 577 లేదా 578కి పడిపోతుంది. 0.8 మి.మీ. చెదురు ఉన్న మంచి పెల్లెట్‌తో పోయేది అర పాయింటుకు కాస్త ఎక్కువ.

536 దగ్గర ఉన్న షూటర్‌కు ఖరీదైన డబ్బా తెచ్చేది మూడు పాయింట్లు. అదే డబ్బుతో రెట్టింపు సాధన పెల్లెట్లు కొని చెయ్యి చెదురును పది నుంచి తొమ్మిదికి దించుకుంటే అంతకన్నా రెండింతలకు పైగా వస్తుంది. కోచ్‌లు మొదటి ఏడాది పెల్లెట్ మాట ఎత్తనివ్వకపోవడానికి వెనక ఉన్న లెక్క ఇదే, చెప్పే తీరు మాత్రం కటువుగా ఉంటుంది.

చిన్న గ్రూప్ చేసే మోసం

ఒకే డబ్బాలోని పెల్లెట్లను ఆరు పొట్లాలు కట్టి, ఆరింటికీ వేర్వేరు పేర్లు రాసి ఒక షూటర్‌కు ఇచ్చారనుకుందాం. క్లాంపులో బిగించి ఒక్కో పొట్లంతో ఐదు షాట్ల గ్రూప్ ఒక్కటి పేలుస్తాడు. చెదురు 0.8 మి.మీ. అయితే ఐదు షాట్ల గ్రూప్ సగటు వెడల్పు 2.45 మి.మీ., నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు. అయితే ఒక్కో గ్రూప్ ఈ సగటు నుంచి పావు వంతుకు పైగా అటూ ఇటూ ఊగుతుంది. ఆరింటిలో అతి చిన్నది 1.6 దగ్గర, అతి పెద్దది 3.3 దగ్గర రావడం మామూలు. ఒకటి రెండోదానికి రెట్టింపు! షూటర్ చిన్న గ్రూప్ వచ్చిన పొట్లాన్ని మెచ్చుకుని, పెద్దది వచ్చినదాన్ని తిట్టి ఇంటికి వెళ్తాడు. రెండూ ఒకే డబ్బావి.

ఒక్కో రకంతో ఆరు గ్రూపులు పేల్చి సగటు తీస్తే ఆ ఊపు 11 శాతానికి తగ్గుతుంది. అప్పుడు కూడా రెండు రకాల మధ్య మూడో వంతు తేడా కనబడితేనే నమ్మాలి. అంతకన్నా తక్కువైతే రెండూ సమానమే, చవకైనది కొనుక్కోవచ్చు.

క్లాంపు లేకుండా చేత్తో పేల్చి పరీక్షించడం సంగతి ఇంకా విడ్డూరం. 10 మి.మీ. చెదురు ఉన్న చేత్తో 2.5 మి.మీ. పెల్లెట్ లోపాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో రకానికి 2100 షాట్లకు పైగా కావాలి. నాలుగు డబ్బాలు పూర్తయ్యాక గానీ ఆ డబ్బా బాగాలేదని తెలియదు.

పరీక్ష ఇలా

పిస్టల్‌ను ఫ్రేమ్ దగ్గర పట్టి బిగించే క్లాంపు ఉత్తమం. గాలి సిలిండర్‌ను గానీ బ్యారెల్ చివరను గానీ పట్టి బిగిస్తే షాట్ షాట్‌కూ తాకే చోటు జరుగుతుంది, ఆ తప్పు పెల్లెట్ మీదికి వస్తుంది. క్లాంపు దొరకని చోట గోనె సంచి దిండు కొంతవరకు పనిచేస్తుంది. జనపనార సంచికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొరత లేదు. నాగావళి ఇసుకను జల్లెడ పట్టి, ఎండలో ఆరబెట్టి, సంచిలో ముప్పాతిక వంతు నింపి కుట్టాలి. నిండా కుక్కితే పిస్టల్ దిగదు, జారుతుంది. తడి ఇసుక వాడితే మూడో గ్రూప్‌కు సంచి కుంగిపోయి గ్రూప్ నిలువునా సాగుతుంది. దిండు మీద చేసిన పరీక్షలో చెయ్యి వాటా కొంత మిగిలే ఉంటుందని మరచిపోకూడదు.

మూడు రకాలు ఉంటే, ఒక్కోదానికి పదిహేనేసి షాట్లు ఒకటి, రెండు, మూడు వరసలో, ఆ తర్వాత మూడు, రెండు, ఒకటి వరసలో. ఇలా తిప్పితే గంటలో వచ్చే ఎండ మార్పు, సిలిండర్ ఒత్తిడి తగ్గుదల అన్నిటి మీదా సమానంగా పడతాయి. రకం మార్చిన ప్రతిసారీ మొదటి ఐదు షాట్లు లెక్కలోకి తీసుకోకూడదు. బ్యారెల్‌లో పాత పెల్లెట్ తాలూకు సీసం, నూనె ఇంకా ఉంటాయి. అన్నీ కలిపి 115 షాట్లు. బ్యారెల్ శుభ్రం చేసిన వెంటనే పరీక్ష మొదలుపెడితే మాత్రం ఐదు చాలవు, ఇరవై దాకా వదిలేయడం మంచిది.

పదిహేను షాట్లను మూడు వేర్వేరు కార్డుల మీద ఐదేసి చొప్పున పేల్చాలి. గ్రూప్ బయటి అంచు నుంచి బయటి అంచుకు వెర్నియర్‌తో కొలిచి, ఒక చిల్లు వ్యాసం తీసేస్తే నడిబొడ్డు కొలత వస్తుంది. చాలామంది ఇక్కడ 4.5 తీసేస్తారు. కాగితం కోత తర్వాత లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి చిల్లు 4.5 కన్నా కాస్త చిన్నగానే ఉంటుంది. పక్కన ఒంటరిగా ఒక షాట్ వేసి, ఆ చిల్లునే కొలిచి తీసేయడం సరైన పద్ధతి. ఎలక్ట్రానిక్ టార్గెట్ ఉన్న రేంజ్‌లో ఒక్కో షాట్ చోటు అంకెల్లో వస్తుంది, ఈ బాధ లేదు.

దూరంగా పడిన ఒక్క షాట్‌ను ‘అది లెక్క కాదు’ అని కొట్టేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. క్లాంపులో చెయ్యి లేదు. దూరంగా పోయింది పెల్లెట్టే, పరీక్షకు కూర్చున్నది దానికోసమే.

తీరం గాలి

కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలిలో తెరచి ఉంచిన డబ్బాలోని సీసం కొన్నాళ్లకు తెల్లటి పొడి పడుతుంది. ఆ పొడి తల కొలతను మారుస్తుంది, చేతికీ ఊపిరికీ మంచిది కాదు. డబ్బాను గట్టిగా మూసి, తేమ పీల్చే సిలికా పొట్లంతో ప్లాస్టిక్ డబ్బాలో ఉంచితే నిలుస్తుంది. పేల్చిన చేతులు సబ్బుతో కడగకుండా తినడానికి కూర్చోకూడదు.

తేమకు కార్డులు కూడా మెత్తబడతాయి. మెత్తబడ్డ కార్డులో చిల్లు కోతలా కాక చిరుగులా వస్తుంది, కొలత అర మిల్లీమీటరు తప్పుతుంది. వెనక గట్టి అట్ట పెడితే సర్దుకుంటుంది. మేడ మీద పది మీటర్ల చోటు, పెల్లెట్లను పట్టి ఆపే గట్టి ఇనుప పెట్టె (పెల్లెట్ ట్రాప్), వెనక గోడ ఉన్నవాళ్లు మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక పరీక్ష పెట్టుకోకూడదు. సెకనుకు మూడు మీటర్ల అడ్డగాలి పెల్లెట్‌ను పది మీటర్లలోనే కొన్ని మిల్లీమీటర్లు పక్కకు నెడుతుంది. 0.8 మి.మీ. వెతికే చోట అది వరద. గదిలోనైతే పెల్లెట్ దారికి అడ్డంగా ఉన్న ఫ్యాను ఆపాలి.

ఎన్ని కొనాలి?

రోజుకు వంద షాట్లు, వారానికి ఐదు రోజులు సాధన చేస్తే ఏడాదికి 26,000 పెల్లెట్లు, అంటే 52 డబ్బాలు. పరీక్షలో నెగ్గిన బ్యాచ్‌ను ఇన్ని డబ్బాలు కొనడం ఎవరి తరమూ కాదు, అవసరమూ లేదు. ఒక పోటీకి సైటర్లతో (లెక్కలోకి రాని మొదటి షాట్లతో) కలిపి 80 షాట్లు పట్టినా, ఏడాదికి పన్నెండు పోటీలకు వెయ్యి లోపే. రెండు డబ్బాలు. సైట్ (గురి చూసే అమరిక) మార్పుల కోసం ఇంకో రెండు కలిపి, నాలుగు డబ్బాలు ఒకే బ్యాచ్ నంబరుతో తీసి పక్కన పెట్టుకుంటే చాలు. డబ్బా మీది పేరు, తల వ్యాసం ఒకటే అయినా బ్యాచ్ మారితే పాత పరీక్ష ఫలితం చెల్లదు, మళ్లీ పేల్చి చూడాలి. సాధన పెల్లెట్, పోటీ పెల్లెట్ బరువులు వేరైతే తాకే చోటు మారుతుంది కాబట్టి పోటీకి ముందు చివరి వారం పోటీ డబ్బానే తెరిచి సైట్ క్లిక్కులు దాని ప్రకారం సరిచేసుకోవాలి.